బంగారు కోటు (పదకొండో భాగం): మణికట్టు మీద జవాబులు

పోయిన వారం ఓపల్‌ని ఒక చీకటి గదిలో, ఆగిపోయిన తెర ముందు వదిలేసి వచ్చాం. తెర మీద ఆమె భర్త డెంజిల్ రకర్ ఎడమ చెయ్యి పైకెత్తి, నవ్వుతూ నవ్వుతూ అలాగే నిలిచిపోయి ఉన్నాడు. పక్కన కూర్చున్న డ్వైట్, ఆ వీడియో తీసినవాడు, ఇంకోసారి వెయ్యమంటారా అని అడగడానికి కూడా జంకుతున్నాడు.

సంగతి ఇది. రేపు, శనివారం, కాంటన్ స్టేడియంలో కోచ్ హార్లన్ బీచమ్‌ని అమెరికన్ ఫుట్‌బాల్ మహామహుల వరసలో చేర్చుకుంటున్నారు. ఆయన కంచు విగ్రహం మీది గుడ్డ లాగేటప్పుడు పక్కన ఎవరు నిలబడాలో ఎంచుకునే హక్కు ఆయనదే. టొలీడో టీమ్‌లో తన కింద తొమ్మిదేళ్లు ఆడిన డెంజిల్‌ని ఎంచుకున్నాడు. అలా నిలబడేవాడు తన గురువు గురించి చెప్పే నాలుగు మాటలు ముందే వీడియో తీసి, గుడ్డ లాగబోయే ముందు పెద్ద తెర మీద వేస్తారు. డెంజిల్ ఆ నాలుగు మాటలూ బాగానే చెప్పాడు. బాగా చెప్పడమే కొంప ముంచింది.

"బఫలోలో మ్యాచ్. మంచు. ఎవడో వచ్చి గుద్దాడు. లేచాను గానీ, స్టేడియం అంతా నీళ్లలో మునిగినట్టుంది. అటు నుంచి మా డాక్టర్ వస్తున్నాడు. ఆయన మూడే మూడు ప్రశ్నలు అడిగేవాడు. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, స్కోరెంత. ఒక్కటి తప్పినా హెల్మెట్ లాక్కుని బెంచీ మీద కూలేస్తాడు. కోచ్ ఏం చేశాడో తెలుసా? నా చెయ్యి లాక్కుని, మణికట్టుకి చుట్టుకున్న తెల్ల టేపు మీద గబగబా రాసేశాడు. ఆదివారం, బఫలో, పదిహేడు పద్నాలుగు. నేను చెమట తుడుచుకుంటున్నట్టు ఇలా చెయ్యెత్తి, చూసి చెప్పేశాను. నా జన్మలో నూటికి నూరొచ్చిన పరీక్ష అదొక్కటే. ఆ సీజన్ అంతా అంతే. నాకు దెబ్బ తగిలిందంటే కోచ్ పెన్ను తీసేవాడు. కన్న తండ్రి కూడా అంత పట్టించుకోడు."

ఈ మాటలు విన్నవాడు ముందు నవ్వుతాడు. డ్వైట్ కూడా కెమెరా వెనక నిలబడి పగలబడి నవ్వాడు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక ఆ నవ్వు గొంతులో అడ్డం పడిందట.

ఓపల్ మాత్రం మాటలు వినడం మధ్యలోనే మానేసింది. ఆమె చూపు డెంజిల్ ఎత్తిన చేతి మీద ఉండిపోయింది. ఆ మణికట్టుకి తెల్ల టేపు ఉంది. దాని మీద ఉన్నది ఆమె చేతిరాత.

నాలుగేళ్ల కిందట డెంజిల్ సరుకుల కొట్టుకి వెళ్లి ఇల్లు మరిచిపోయినప్పుడు ఆమె అతని జేబులో అడ్రసు చీటీ పెట్టింది. పారేశాడు. మెడలో బిళ్ల కట్టింది. తెంపేశాడు. ఆఖరికి తనే ఎక్కడి నుంచో టేపు చుట్ట తెచ్చి ఎడమ చెయ్యి చాపాడు. "ఇక్కడ రాయి. ఇక్కడైతే చూస్తాను," అన్నాడు. ఆటగాడి అలవాటు కాబోలనుకుని ఆమె మురిసిపోయింది. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే కాఫీ అయ్యాక ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని రాస్తోంది. ఇవాళా రాసింది: శుక్రవారం. కాంటన్. రూమ్ 214. ఓపల్ ఇప్పుడే వస్తుంది.

నాలుగేళ్లుగా తను ఎవరి పని కొనసాగిస్తోందో ఆ చీకటి గదిలో ఆమెకి అర్థమైంది.

"ఆయన తరఫున మాట చెప్పాల్సింది మీరేనమ్మా," అన్నాడు డ్వైట్. "ఉంచమంటే ఉంచుతాను. తీసెయ్యమంటే ఆ ముక్క తీసేస్తాను. ఇవాళ సాయంత్రం కోటు తొడిగే విందు మొదలయ్యేలోగా చెప్పాలి."

"కోచ్ చూశారా?"

"చూపించాను. తెలియకుండా రేపు అంతమందిలో ఆయన్ని దాని ముందు కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. మీ రూమ్ నంబర్ అడిగారు."

అక్కడి నుంచి ఓపల్ కారు ఎలా నడిపిందో ఆమెకే తెలియదు. ముప్పై ఏళ్లు అక్రన్‌లో స్కూలు బస్సు నడిపిన మనిషి. ఏ మలుపులోనూ తొందరపడని మనిషి. ఇవాళ రెండు చోట్ల ఎర్ర లైటు దాటేసింది. హోటల్లో డెంజిల్‌ని చూస్తూ ఉండమని పక్క గదిలో ఉన్న నర్సుకి చెప్పి వచ్చింది గానీ, కోచ్ వచ్చి నేనుంటాను వెళ్లమ్మా అంటే, కాదనగల నర్సు ఈ వారం కాంటన్‌లో ఎక్కడుంది?

తలుపు తీసేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర కుర్చీలు వేసుకుని ఐస్‌క్రీమ్ తింటున్నారు.

"ఏమోయ్, ఎవరొచ్చారో చూడు," అన్నాడు డెంజిల్. పొద్దున కోచ్‌తో కలిసే టిఫిన్ తిన్నారు. అయినా అతని ముఖం ఏళ్ల తర్వాత చుట్టం దిగినట్టు వెలిగిపోతోంది. "కోచ్ వచ్చారు. పెకాన్ ఐస్‌క్రీమ్ తెచ్చారు."

"నీకూ తెచ్చాను ఓపల్," అన్నాడు కోచ్. "వీడు లాగించేశాడు."

"నేనా?"

"నువ్వే, పిడుగూ. నా కళ్లముందే."

"అయితే బాగుండే ఉంటుంది," అన్నాడు డెంజిల్.

హార్లన్ బీచమ్‌కి ఎనభై నాలుగు. ఒకప్పుడు ఆ మనిషి గుమ్మంలో నిలబడితే వెనక ఏముందో కనిపించేది కాదు. ఇప్పుడు చొక్కా కాలర్‌లో మెడ వదులుగా ఊగుతోంది. లేవడానికి కుర్చీ చేతిని రెండుసార్లు పట్టుకోవలసి వచ్చింది. ఓపల్ చెయ్యి అందించలేదు.

టీవీలో ఏదో పాత మ్యాచ్ వస్తోంది. ఆమె దాని గొంతు పెంచి, కోచ్‌కి తలుపు వైపు కళ్లతో సైగ చేసింది. బయటికి వెళ్లడానికి లేదు. పోయిన నెల ఆమె బట్టలు ఆరేసి వచ్చేలోగా డెంజిల్ హైవే దాకా నడిచి వెళ్లిపోయాడు. గదిలోనే, మంచానికి ఇవతల, గుసగుసగా తేల్చుకోవాలి.

"నవ్వుతూ మాట్లాడండి," అంది ఆమె, పెదవులు సాగదీసి. "మాటలు ఆయనకి అందవు. ముఖాలు అందుతాయి. నేను కోపంగా ఉన్నానని తెలిస్తే రాత్రి దాకా వణుకుతూనే ఉంటాడు."

కోచ్ నవ్వు ముఖం పెట్టాడు. దానికి ఆయన కొంచెం కష్టపడాల్సి వచ్చింది.

"ఆ టేపు సంగతి నిజమేనా?"

"నీకెందుకా అనుమానం? వాడికి అబద్ధం అల్లడం ఎప్పుడొచ్చు?"

"మీకొచ్చుగా. నిజం కాదనండి. ఒక్కసారి అనండి. నమ్మడానికి నా వంతు ప్రయత్నం నేను చేస్తాను."

"నిజమే," అన్నాడు కోచ్. "బఫలోలో రాశాను. తర్వాతా రాశాను. నేనొక్కణ్ణే కాదు ఓపల్. ఆ రోజుల్లో ఏ టీమ్‌లో చూసినా..."

"ఊళ్లోవాళ్ల లెక్క నాకెందుకు? నాకున్నది ఒక్కడు."

"వాడే అడిగాడు. నా చొక్కా పట్టుకుని వేలాడాడు. కోచ్, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టకండి అని ఏడ్చాడు."

"పాతికేళ్ల కుర్రాడు ఏదైనా అడుగుతాడు. మా బస్సులో పిల్లలు కిటికీలోంచి దూకుతామనేవాళ్లు. సరే దూకండి అన్నానా? కాదనడానికే కదా మీ మెడలో ఆ విజిల్ వేసింది."

కోచ్ నవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఆమెను వదిలి కార్పెట్ మీదికి దిగాయి.

"ఏమిటంతగా నవ్వుకుంటున్నారు?" అని కిటికీ దగ్గర నుంచి కేక. "నాక్కూడా చెప్పండి."

"నీ సంగతేరా," అన్నాడు కోచ్.

"అయితే నవ్వాల్సిందే," అని డెంజిల్ మళ్లీ చెంచా నాకుతూ టీవీ వైపు తిరిగాడు.

ఓపల్ గొంతు ఇంకా తగ్గించింది. నెల రోజులుగా మనసులో నలుగుతున్న ప్రశ్న అది. ఈ గౌరవం సంగతి తెలిసిన రోజే పుట్టింది. "అంతమంది ఆడారు మీ కింద. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారు? మీ మీద ఎవరైనా నోరెత్తితే, చూడండి, వీడే నా పక్కన నిలబడ్డాడు, మీకేంటి అనడానికి కాదూ?"

కోచ్ మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు.

"ముందు వేరేవాళ్లకి ఫోన్ చేశాను. ఒకడు నా గొంతు విని పెట్టేశాడు. ఒకడి పెళ్లాం ఎత్తి, ఆయన ఎవరినీ గుర్తుపట్టడం లేదండీ, ఏమనుకోకండీ అంది. నన్నేమనుకోవద్దంది చూడు. మరొకడు అసలు ఎత్తనే లేదు. ఆఖరికి వీడికి చేశాను. హలో అన్నానో లేదో, 'కోచ్, ఎప్పుడు రమ్మంటారు?' అన్నాడు. ఎక్కడికో కూడా అడగలేదు." కోచ్ అరచేతులు చూసుకున్నాడు. "నన్ను ఇంకా ఇష్టపడేవాడు వీడొక్కడే మిగిలాడు ఓపల్. వీడైనా మరిచిపోబట్టి మిగిలాడు."

బలమంతా కూడదీసుకుని భుజంతో తలుపు గుద్దబోతే, ఆ తలుపు తీసే ఉన్నట్టయింది ఓపల్‌కి. తూలిపోకుండా గోడ పట్టుకుంది. ఆయన బుకాయిస్తే పోట్లాడడానికి దారంతా మాటలు పేర్చుకుంటూ వచ్చింది. ఒక్కటీ పనికి రాలేదు.

"సరే," అంది. "ఆ ముక్క తీసెయ్యమని అడగడానికి వచ్చారు. అంతేగా."

"కాదు," అన్నాడు కోచ్. "ఉంచమని."

టీవీలో ఎవరో పరిగెడుతున్నారు. జనం హోరు.

"వినపడిందా? ఉంచమంటున్నాను. నలభై ఏళ్ల నుంచి అది నా లోపల ఉంది. ఒక్కడికి చెప్పలేదు. కొరీన్‌కీ చెప్పలేదు, నా కూతురు కదా, దానికీ చెప్పలేదు. నా ముఖానికి కంచు పోసి పెట్టే రోజున అది బయటికి వస్తే రానీ. తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు. వాడు చెప్పాడు. బాగా చెప్పాడు. నేను అలా చెప్పలేను."

ఓపల్ నవ్వు ఆ క్షణంలో జారిపోబోయింది. పళ్లు బిగించి ఆపుకుంది.

"అంటే మళ్లీ ఆయన్నే ముందుకి తోస్తారు. అప్పుడు మీ మ్యాచ్ గెలవడానికి. ఇప్పుడు మీ మనసు తేలిక పడడానికి."

"ఓపల్..."

"వినండి. రేపు ఆ తెర మీద అది పడుతుంది. ఆయన మీ పక్కనే నిలబడి ఉంటాడు. అందరూ నవ్వుతారని చూస్తూ ఉంటాడు. ముందు నవ్వుతారు కూడా. తర్వాత ఆ స్టేడియం అంతా నోరు మూసుకుంటుంది. అన్ని వేల ముఖాలు. తనేదో తప్పు చేశాడని ఆయనకి తెలిసిపోతుంది. ఏం తప్పో తెలియదు. నన్ను అడుగుతాడు. పొద్దున అడుగుతాడు, మధ్యాహ్నం అడుగుతాడు, నేనేం చేశాను ఓపల్, కోచ్‌కి ఏం చేశాను అని. నేనేం చెప్పను? మీరు చెప్పండి, నేనేం చెప్పను?"

కోచ్ కిటికీ దగ్గరున్న డెంజిల్ వైపు చూశాడు.

"మీకు చెప్పాలనుంటే రేపు మీకూ మైకు ఇస్తారు. మీ నోటితో మీరు చెప్పండి. ఆయన్ని పక్కకి పంపించేసి, అప్పుడు చెప్పండి."

"నాకంత ధైర్యం లేదమ్మా," అన్నాడు కోచ్. ఈ మాట అనేటప్పుడు ఆయన నవ్వడం మరిచిపోయాడు.

డెంజిల్ వెంటనే లేచి వచ్చాడు. ఐస్‌క్రీమ్ కప్పు చేతిలోనే ఉంది. కోచ్ ముఖం చూశాడు, ఓపల్ ముఖం చూశాడు. కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు," అంది ఓపల్. "రేపటి గురించి మాట్లాడుకుంటున్నాం. కోచ్‌కి కాస్త బెరుకుగా ఉందట."

"కోచ్‌కా?" డెంజిల్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. పెద్ద చెయ్యి. వేళ్లు ఎప్పుడో విరిగి, వంకరగా అతుక్కున్నవి. "నేనున్నాగా. ఆ కెమెరా అబ్బాయి ఎంత నవ్వాడనుకున్నారు. రేపు చూడండి, అందరూ పడీ పడీ నవ్వుతారు. ఏం చెప్పానో గుర్తు లేదు గానీ, బాగా చెప్పాను. కదా ఓపల్?"

"బాగా చెప్పావు."

అది ఉంచితే అతను సిగ్గుతో చితికిపోతాడు. తీసేస్తే అతను ఎదురుచూస్తున్న ఆ నవ్వు రాదు; ఏం జరిగిందో అతని నోట వచ్చిన ఒకే ఒక్క సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది. తప్పు చేసినవాడికి విగ్రహం, దాని ఫలితం అనుభవిస్తున్నవాడికి గుడ్డ లాగే పని మిగులుతాయి. ఓపల్ బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి, డ్వైట్‌కి ఫోన్ చేసింది.

"తీసెయ్యండి."

"మొత్తమా అమ్మా?"

"బఫలో అన్న దగ్గర నుంచి."

"సరే. ఎక్కడైనా దాచి ఉంచమంటారా?"

ఆమె ఆ ప్రశ్నని అలాగే వదిలేసి ఫోన్ పెట్టేసి, కుళాయి కట్టేసి, అద్దంలో ముఖం సరి చేసుకుని బయటికి వచ్చింది. కోచ్ వెళ్లిపోయాడు. తలుపు దగ్గర డెంజిల్ హోటల్ వాళ్ల తుండు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇలాగేనా? మళ్లీ ఒకసారి చేద్దాం," అన్నాడు.

విందులో అతను చెయ్యాల్సిన పని అదే. పేరు పిలవగానే కోచ్, కోటు లేకుండా చొక్కా టై మీదే, పాత మహామహులు రెండు వరసలుగా నిలబడిన దారి వెంట నడిచి వస్తాడు. వేదికెక్కి, డెంజిల్‌కి వీపు తిప్పి చేతులు వెనక్కి చాపుతాడు. డెంజిల్ బంగారు రంగు కోటు తొడగాలి. భుజాల మీద తట్టాలి. అంతే. ఆ కోటు ఒంటి మీదికి వచ్చిందంటే ఇక చచ్చేదాకా అది ఆ మనిషిదే. వారం నుంచి తుండుతో నేర్పుతోంది ఓపల్. తనే కోచ్ అయి వీపు తిప్పి నిలబడేది. ప్రతిసారీ అతను శుభ్రంగా తొడిగి, భుజాలు తట్టి, మెడ వెనక ఒక ముద్దు కూడా పెట్టేవాడు. "అది మాత్రం కోచ్‌కి వద్దు," అంటే ఇద్దరూ నవ్వుకునేవారు.

ఇవాళ కూడా ఆమె వీపు తిప్పి నిలబడింది. అతనికి కనిపించకుండా కళ్లు తుడుచుకోవడానికి ఆ కాసింత సేపు దొరికింది.

సాయంత్రం ఆరున్నరకి హాలు కిటకిటలాడుతోంది. బయట ఇంకా ఎండ. ఓపల్ ముందు వరసలోని బల్ల దగ్గర, కోచ్ కూతురు కొరీన్ పక్కన కూర్చుంది. కొరీన్ యాభై దాటిన మనిషి, కబుర్ల పుట్ట.

"మా నాన్న మధ్యాహ్నం నుంచి ముద్ద ముట్టలేదు," అంది. "ఏమైందంటే కోటు బిగుతవుతుందేమోనట. ఆ ఒంటికి ఏ కోటు బిగుతవుతుంది చెప్పు పిన్నీ? చిలక్కొయ్యకి తగిలించినట్టుంటుంది."

ఓపల్ నవ్వింది. ఇవాళ ఆమె నవ్విన నవ్వుల్లో నిజమైనది ఇదొక్కటే కావచ్చు.

కోచ్ పేరు పిలిచారు. జనం లేచారు. బంగారు కోట్ల ముసలివాళ్లు రెండు వరసలుగా నిలబడి చప్పట్లు కొడుతూ, చేతులు చాపుతూ, వీపు చరుస్తూ ఉంటే, వాళ్ల మధ్య నుంచి బీచమ్ నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. ఒకరిద్దరు మోకాళ్లు వంగక కర్రల మీద నిలబడ్డారు. ఒకాయన చక్రాల కుర్చీలోంచి చెయ్యి ఊపాడు. వేదిక మీద డెంజిల్ అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. నిర్వాహకుడొకడు కోటు తెచ్చి అతని చేతుల్లో పెట్టాడు.

డెంజిల్ కోటు వైపు చూశాడు.

ఓపల్‌కి ఎక్కడో తేడా కొట్టింది. తుండుని అతనెప్పుడూ అలా చూడలేదు.

పదేళ్ల కిందట రెండు శీతాకాలాలు డెంజిల్ పేరు కూడా ఈ కోటుకి ఆఖరి జాబితా దాకా వచ్చింది. ఎంపికైతే ఇంటికి వచ్చి తలుపు తడతారు. కబురు ఫోన్లో చెప్పరు. ఆ రెండుసార్లూ డెంజిల్ పొద్దున్నే గడ్డం గీసుకుని, బూట్లు వేసుకుని, తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు. చీకటి పడ్డాక బూట్లు విప్పుకుని, "పోస్టువాడైనా రాలేదేమిటే ఇవాళ," అన్నాడు. తర్వాత ఆ ఊసెత్తలేదు. మరిచిపోయిన వాటిలో అది కూడా కలిసిపోయిందని ఓపల్ అనుకుంది. జబ్బు చేసిన మేలు అదొక్కటే అని కూడా అనుకుంది.

కోచ్ వేదికెక్కాడు. డెంజిల్‌ని చూసి తలూపి, వీపు తిప్పి, రెండు చేతులూ వెనక్కి చాపాడు.

డెంజిల్ కోటుని తన ముందు ఒకసారి దులిపాడు. కుడి చెయ్యి దూర్చాడు. తర్వాత ఎడమ చెయ్యి దూర్చాడు.

"ఏం చేస్తున్నాడు?" అంది కొరీన్.

అక్కడక్కడా నవ్వులు. వేళాకోళం అనుకున్నారు. డెంజిల్ కాలర్ సవరించుకుని, కిందికి చూసుకుంటూ బొత్తం పెట్టుకుంటున్నాడు. ఆ విశాలమైన భుజాల మీద కోటు బిర్రుగా పట్టింది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బీచమ్ మాత్రం ఇంకా జనం వైపు తిరిగి, చేతులు వెనక్కి చాపి, రాని కోటు కోసం అలాగే నిలబడి ఉన్నాడు. ఒక ముసలివాడి ఒట్టి చేతులు గాల్లో తడుముకోవడం హాలంతా చూసింది.

ఓపల్ లేచింది. వేదిక దగ్గర్లోనే ఉంది, కానీ మధ్యలో కుర్చీలు, కెమెరా తీగలు, ఆ రెండు వరసల ముసలివాళ్లు. "దారివ్వండి," అంది. ఎవరికీ వినపడలేదు. వినపడినా, వెళ్లి ఏం చేస్తుంది? ఇంతమందిలో అతని ఒంటి మీది కోటు తనే విప్పుతుందా?

కోచ్ వెనక్కి తిరిగాడు.

"సరిపోయింది కోచ్," అన్నాడు డెంజిల్. మైకు దగ్గర్లో ఉండబట్టి ఆ మాట హాలు మూలమూలకీ వెళ్లింది. "చివరికి వచ్చారు చూశారా తలుపు తట్టడానికి. నేను చెప్పలేదూ, వస్తారని."

నిర్వాహకుడు పరుగున వేదికెక్కబోయాడు. కోచ్ అరచెయ్యి చూపించి ఆపేశాడు. డెంజిల్ దగ్గరికి వెళ్లి రెండు చేతులతో ఆ కోటు కాలర్ పట్టుకున్నాడు. విప్పడానికో సర్దడానికో ఓపల్‌కి అర్థం కాలేదు. అలా పట్టుకునే మెడ తిప్పి మైకులోకి అన్నాడు.

"ఈ కోటు ఇతని ఒంటి మీద నుంచి ఎవరూ తీయకండి. ఎందుకో నేను చెబుతాను."

మధ్యాహ్నం ఏ మాట ఆయన నోటి నుంచి రావాలని ఓపల్ పట్టుబట్టిందో అదే వస్తోంది. డెంజిల్‌ని పక్కకి పంపించి చెప్పండి అని కూడా అంది ఆమె. ఇప్పుడు డెంజిల్ ఆయనకి జానెడు దూరంలో, పెళ్లికొడుకులా వెలిగిపోతూ నిలబడి ఉన్నాడు. ఓపల్ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. కోచ్ ఆమె వైపు చూడలేదు.

"నలభై ఏళ్ల కిందట..."

డెంజిల్ పెద్ద చెయ్యి వచ్చి మైకుని మూసేసింది.

"వద్దు కోచ్," అన్నాడు. అది గుసగుసే. కానీ అంత నిశ్శబ్దంలో ముందు బల్లల దాకా వినిపించింది. "మాట్లాడకండి. డాక్టర్ చూస్తున్నాడు."

అతని చూపు హాల్లో ఎడమ వైపుకి, స్తంభం పక్కనున్న బల్ల మీదికి వెళ్లింది. తలలన్నీ అటు తిరిగాయి. అక్కడ తెల్ల మీసాల పెద్దాయన ఒకడు నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొద్దున తిన్నదేమిటో చెప్పలేని డెంజిల్, అన్ని వందల మందిలో ఆ ముఖాన్ని ఎలా ఏరాడో.

కొరీన్ ఓపల్ చెయ్యి పట్టుకుంది. "ఆయన డాక్టర్ వికరీ, పిన్నీ. నాన్న టీమ్ డాక్టర్. నాన్న ఆయన్ని పిలవలేదు. పిలవద్దని నాతో మరీ మరీ చెప్పాడు."

పెద్దాయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. లేచాడు. ఏదో అంటాడని అందరూ చూశారు. ఆయన కుర్చీని జాగ్రత్తగా లోపలికి నెట్టి, ఎవరి వైపూ చూడకుండా, పక్క తలుపు వైపు నడవసాగాడు. అంత వయసువాడు నడిచే వేగం కాదది.

వేదిక మీద డెంజిల్ కళ్లు ఇప్పుడు జనంలో ఓపల్ కోసం వెతుకుతున్నాయి. అటు ఆ తలుపు మూసుకోబోతోంది.

వేదిక వైపు వేసిన అడుగుని ఓపల్ వెనక్కి తీసుకుని, ఆ తలుపు వైపు తిరిగింది.